మగ్గాలు ఆగని రోజు

నా చిన్నప్పుడు మా జమ్మికుంటకు పేపరు పొద్దుటి బస్సులో వచ్చేది. ఇప్పుడైతే మీరు పక్క మీంచి లేవకముందే ఎవరు పోయారో ఫోను చెప్పేస్తుంది. అప్పుడు బస్సు రావాలి, పేపర్ల కట్ట కింద పడాలి, బస్టాండు దగ్గర చాయ్ హోటలు నడిపే చాచా ఆ కట్ట విప్పాలి, గట్టిగా చదివి వినిపించేవాడు ఒకడు దొరకాలి. వార్త మెల్లగా వచ్చేది కాబట్టి మనుషులు ఇప్పటికంటే నయంగా ఉండేవారని మాత్రం అనుకోకండి. ఆ మాట ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. నేను చూసింది చెబుతాను, వినండి.

మాది నేతపనివాళ్ల వాడకట్టు. ఒకటే వీధి, అటూ ఇటూ ఇళ్లు, ప్రతి ఇంట్లో ఒక గుంట మగ్గం. తెల్లవారింది మొదలు దీపాలు పెట్టేదాకా టకటకమని ఒకటే చప్పుడు. బయటి ఊరి చుట్టాలు వస్తే తల పట్టుకునేవారు. మాకేమో ఆ చప్పుడు ఆగితేనే గుండె ఝల్లుమనేది. ఎందుకంటే వీధిలో ఎవరైనా పోతే ముందుగా మగ్గాలు ఆపేవారు. శవం లేచేదాకా ఎవరూ మగ్గం గుంటలో కాలు పెట్టేవారు కాదు. ఒక్కో ఇంట్లో చప్పుడు ఆగుతూ వస్తుంటే పొయ్యి దగ్గరున్న ఆడవాళ్లు గిన్నె దించేసి వాకిట్లోకి వచ్చి "ఎవలు?" అని అడిగేవారు. ఏమైంది అని అడిగేవారు కాదు. ఎవరన్నది ఒక్కటే తెలియాలి.

ఆ వీధి చివరి ఇంటి ఆడపిల్ల రేడియోలో పాటలు పాడేది. తర్వాత సినిమాల్లో కూడా పాడింది. ఊరంతటికీ ఆమె పాటక్క. బతుకమ్మ పండుగకు వచ్చినప్పుడు మా మధ్యే తిరుగుతూ చప్పట్లు కొట్టి పాడేది, అందరిలాగే సద్దుల ప్రసాదం పంచేది. ఆమె వెళ్లిపోయాక మళ్లీ రేడియోలో గొంతు వినపడితే, ఇంత మంది వింటున్న ఈ గొంతు మా వీధిదేనా అని నాకు నమ్మబుద్ధయ్యేది కాదు. వాళ్లమ్మను నేను పెద్దమ్మా అనేదాన్ని. ఆమెకూ మా నాయనమ్మకూ ఒకరంటే ఒకరికి ప్రాణం. ఇద్దరూ ఒకరినొకరు వదినె అని పిలుచుకునేవారు, రోజుకొకసారైనా పోట్లాడుకునేవారు.

ఆ ఏడాది పెద్దమ్మకు కంటి ఆపరేషన్ అయ్యింది. అప్పటి ఆపరేషన్ ఇప్పటిలా కాదు, పొద్దున చేసి సాయంత్రం ఇంటికి పంపేది కాదు. రెండు కళ్లకూ కట్టు కట్టి, కదలకుండా వెల్లకిలా పడుకోమన్నారు. దగ్గకూడదు, తుమ్మకూడదు, బరువెత్తకూడదు. అన్నింటికంటే ముఖ్యంగా ఏడవకూడదు. కంట్లో నీరు ఊరి కుట్టు కదిలిందంటే చూపు పోతుందని డాక్టరు మా నాయనమ్మకు మరీ మరీ చెప్పి పంపాడు. సరిగ్గా అప్పుడే పాటక్క హైదరాబాదులో ఆస్పత్రిలో చేరింది. పెద్దనాన్న కూతురి దగ్గరికి పరుగెత్తాడు. పెద్దమ్మ కట్టుతో ఇక్కడ ఉండిపోయింది. ఆమెను చూసుకునే పని నాయనమ్మ మీద పడింది. బిడ్డకు జ్వరం అని మాత్రమే పెద్దమ్మకు చెప్పారు.

ఇక పేపరు మొదలుపెట్టింది. పొద్దున లేస్తే పాటక్క జబ్బు గురించే. నిన్న ఏం తిన్నది, ఎవరు చూడటానికి వచ్చారు, ఎవరు రాలేదు, డాక్టరు ముఖం ఎలా ఉంది, అన్నీ రాసేవారు. హోటలు దగ్గర మా బాపు చదివేవాడు, మిగతావాళ్లు చుట్టూ కూర్చొని వినేవారు. చాచా పొయ్యి దగ్గర నుంచే "జర గట్టిగ సదువు భాయ్" అని కేకేసేవాడు. కొందరు వేములవాడ రాజన్నకు కోడెను కట్టేస్తామని మొక్కుకున్నారు, చాచా దర్గాలో దువా చేసి వచ్చాడు. అది ప్రేమే, కాదని నేననను. కానీ పేపర్లో ఏమీ లేని రోజున వాళ్ల ముఖాలు ఎలా ఉండేవో కూడా నేను చూశాను. చాయ్‌లో చక్కెర వెయ్యడం మరిచిపోయినట్టు ఉండేవి.

ఒక పొద్దున పేపర్లో నల్ల గీతల మధ్య పాటక్క ఫోటో వచ్చింది.

బాపు వీధిలోకి పరుగెత్తుకొచ్చినప్పుడు నేను వాకిట్లో పళ్లు తోముకుంటున్నాను. మా బాపు ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. పేపరు పైకెత్తి చూపించాడు. మొదటి ఇంట్లో మగ్గం ఆగింది, ఆ పక్క ఇంట్లో ఆగింది. నా నోట్లోని వేపపుల్ల నోట్లోనే ఉండిపోయింది. ఆ పాడే మనిషి లేదన్నది నా బుర్రకెక్కలేదు. చూస్తుండగానే సగం వీధి నిశ్శబ్దమైపోయింది.

అప్పుడు పెద్దమ్మ ఇంట్లోంచి నాయనమ్మ బయటికి వచ్చింది. చేతిలో జావ గిన్నె అలాగే ఉంది. పేపరు వైపు చూసింది, ఆగిన మగ్గాల వైపు చూసింది. ఆమె కూలబడుతుందనుకున్నాను. కూలబడలేదు. పళ్లు కొరికి, గొంతు తగ్గించి, బాపు మీద విరుచుకుపడింది.

"ఎవడాపుమన్నడు రా మగ్గాలు? ఆమె కండ్లు గట్టుకొని పడుకున్నది, చెవులు గట్టుకోలే. సప్పుడాగితే ఎవలు అని అడుగుతది. ఏం జెప్తవ్? నువ్వొచ్చి జెప్తవా?"

బాపు తెల్లబోయాడు. మంచాన ఉన్న మనిషికి అదే మొదటి కబురవుతుందన్నది అక్కడున్న మగవాళ్లలో ఒక్కరికీ తట్టలేదు. వాళ్లు గౌరవం అనుకొని చేశారు. అయినా వాళ్లు మళ్లీ మగ్గం మీద కూర్చోవడానికి ఒప్పుకోలేదు. చావు జరిగిన పూట నేత నేస్తే పాపమన్నారు. పాటక్క అంత మనిషి పోతే మన వీధిలో మగ్గం ఆడిందని ఊళ్లు నవ్వుతాయన్నారు. చౌరస్తాలో టెంటు వెయ్యాలి, ఫోటోకు దండ వెయ్యాలి, మైకు తేవాలి అని అందరూ అటు పోయారు. బాపు కూడా తలవంచుకొని వాళ్ల వెంటే పోయాడు.

మగవాళ్లు అటు పోగానే నాయనమ్మ ఇల్లిల్లూ తిరిగింది. "ఆడోళ్లు, పోరగాండ్లు, ఎవలైతేంది, మగ్గాల మీద కూసోండ్రి. బట్ట పాడైతే నా పేరు జెప్పుండ్రి" అన్నది. నూలు కండెలు చుట్టే ఆడవాళ్లు గుంటల్లోకి దిగారు. నన్ను బాపు మగ్గం మీద కూర్చోబెట్టింది. నా కాళ్లు కింది చెక్కలకు అందలేదు. గుంట అంచు మీదికి జరిగి, బొటనవేళ్లతో తొక్కుతూ, పై తాడు రెండు చేతులా లాగాను. పోగును మోసుకుపోయే నాడె ఒకసారి అటు పోతే ఒకసారి మధ్యలోనే ఆగిపోయేది. పోగులు తెగుతున్నాయి. బాపు ఎంతో జాగ్రత్తగా నేసిన చీర నా చేతుల్లో నాశనమవుతోంది. నాకు ఏడుపు వస్తోంది, పాటక్క కోసమో చీర కోసమో నాకే తెలియలేదు. అయినా చప్పుడు మాత్రం ఆపలేదు.

మా ఇల్లు వీధి మొదట్లో ఉండేది, పెద్దమ్మ ఇల్లు చివర్లో. మధ్యలో మగ్గాలు ఆడుతుంటే ఇక్కడి మాట అక్కడికి వినపడదని మా నమ్మకం. ఎండ ముదిరేసరికి జనం రావడం మొదలైంది. హుజూరాబాద్ నుంచి, హుస్నాబాద్ నుంచి బస్సులు దిగి, దారిలో అడుగుతూ, పాటక్క ఇల్లెక్కడ అని వచ్చేశారు. కొందరు నిజంగానే రొమ్ము బాదుకుంటూ వచ్చారు. కొందరు పిల్లల్ని భుజాన ఎక్కించుకొని జాతరకు వచ్చినట్టు వచ్చారు. వాళ్లందరికీ ఒకటే కావాలి, వాళ్లమ్మను చూడాలి. ఆమె ఏడుస్తుంటే చూడాలి, తాము కూడా ఏడవాలి. ఇంకొంచెం ఆగితే ఆ గుంపు చివరి ఇంటి దాకా పోయి తలుపు తోసేది.

మా నాయనమ్మ అప్పుడు చేసిన పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వు వస్తుంది. ఆమె గబగబా వచ్చి మా ఇంటి అరుగు మీద కూర్చుంది. జుట్టు విప్పుకుంది. కొంగు నెత్తి మీదికి లాక్కుంది. "ఓ బిడ్డా! నన్ను ఇడిసిపెట్టి పోతివా బిడ్డా!" అని రాగం అందుకుంది.

గుంపు అక్కడికక్కడే ఆగిపోయింది. అందరూ మా అరుగు చుట్టూ మూగారు. బయటి ఊళ్లవాళ్లకు ఎవరు ఎవరో ఏం తెలుసు? ఏడుస్తున్న ముసలమ్మ కనబడింది, తల్లి అనుకున్నారు. వీధి ఆడవాళ్లు కిటికీల్లోంచి చూసి నోరు మూసుకొని మగ్గాలు ఆడించారు. ఎవరో మగ్గాలెందుకు నడుస్తున్నాయని అడిగితే, మా నాయనమ్మ ఏడుపు ఆపకుండానే "నా బిడ్డకు గీ సప్పుడే పాణం" అని రాగంలోనే జవాబిచ్చింది. ఆ మాటకు ఇంకా పది మంది ఏడ్చారు.

నేను మగ్గం మీద నుంచి, తెరిచిన తలుపులోంచి అంతా చూస్తున్నాను. ఇన్నేళ్ల తర్వాత కూడా మరిచిపోలేనివి చూశాను. ఒకామె నాయనమ్మ గడ్డం పట్టుకొని పైకెత్తి, కళ్లలోకి తొంగి చూసింది. ఇంకొకాయన, పాటక్క చివరిసారి ఏం మాట్లాడింది, ఏం అడిగింది అని వదలకుండా అడిగాడు. కెమెరా పట్టుకొని పేపరాయన ఒకాయన వచ్చాడు. ఆయన చాలా మర్యాదగా మాట్లాడాడు. "అమ్మా, జర కొంగు తీసి, ఎండ దిక్కు తిరిగి ఏడ్వు" అన్నాడు. నాయనమ్మ ఏడ్చింది. ఫోటో తీసి, సరిగా పడిందో లేదోనని, ఇంకోసారి ఏడవమన్నాడు. గుంపులో ఒక్కరు కూడా ఇదేం మాట అనలేదు. పైగా వెలుతురుకు అడ్డం తప్పుకోమని ఒకరినొకరు తోసుకున్నారు. వీళ్లంతా పాటక్క పాట వింటే కళ్లు మూసుకునేవాళ్లు, అందరూ మంచివాళ్లు. మంచివాళ్లు ఇలా ఎలా చేస్తారు? ఆ దిగ్భ్రమ నాకు ఈనాటికీ తీరలేదు.

ఫోటో దొరికాక పేపరాయన బస్సందుకోవడానికి వెళ్లిపోయాడు. జనం మాత్రం కదలలేదు.

మగవాళ్లలో చౌరస్తాకు పోనివాడు హోటలు చాచా ఒక్కడే. ఆయనకు పొద్దుటి నుంచి ఒకటే అనుమానం, ఇంత పెద్ద సంగతి రేడియో ఎందుకు చెప్పదని. హోటలు మూసేసి పోస్టాఫీసుకు పోయి, హైదరాబాదు ఆస్పత్రికి ట్రంకు కాల్ పెట్టించి, లైను కలిసేదాకా అక్కడే కూర్చున్నాడు. పొద్దు వాలాక, లుంగీ పైకి పట్టుకొని, గుంపును తోసుకుంటూ మా అరుగు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. ఊపిరి అందడం లేదు.

"అమ్మా, ఫికర్ చెయ్యకు! పాటక్క సలామత్ ఉన్నది! వాళ్ల బాపుతోనే మాట్లాడిన. ఇయ్యాల జావ దాగిందట. పేపరోళ్లు ఉత్తదే రాసిండ్రు!"

నాయనమ్మ రాగం టక్కున ఆగిపోయింది. కొంగుతో ముఖం తుడుచుకొని, రెండు చేతులూ జోడించి చాచాకు దండం పెట్టింది. ఆ తర్వాత గుంపు వైపు చూసింది. నేనూ చూశాను. ఎగిరి గంతేస్తారనుకున్నాను. ఇద్దరు ముగ్గురు దేవుడికి దండం పెట్టుకున్నారు. మిగతావాళ్లు చేతికిచ్చిన పళ్లెం లాక్కున్నట్టు నిలబడిపోయారు.

"అయితె సావలేదా?" అన్నాడు ఒకాయన. ఆ గొంతులో సంతోషం లేదు. "గింత దూరం ఉత్తగనే వస్తిమి" అన్నది అతని పక్కనున్న ఆమె.

నాయనమ్మ జుట్టు ముడేసుకుంటూ లేచింది. "వస్తె వచ్చిండ్రు, ఇగ పోండ్రి. నేను ఆమె తల్లిని గాను, గీ వాడకట్టుదాన్ని" అన్నది.

అప్పుడు చూడాలి వాళ్ల కోపం! బతికున్న మనిషిని చంపిన పేపరును ఒక్కరు కూడా తిట్టలేదు. మా నాయనమ్మను తిట్టారు. మమ్మల్ని మోసం చేశావన్నారు, దొంగ ఏడుపు ఏడ్చావన్నారు, సిగ్గు లేదా అన్నారు. నాయనమ్మ మాటకు మాట జవాబిచ్చే మనిషి, ఆ రోజు మాత్రం వాళ్లను అలా చూస్తూ నిలబడింది. వాళ్లు గొణుక్కుంటూ బస్టాండు వైపు పోయారు.

ఇక్కడే ఇంకో ముచ్చట కూడా చెప్పేస్తాను. మర్నాడు ఆ కెమెరా ఆయన పేపర్లో మా నాయనమ్మ ఏడుస్తున్న ఫోటో పడింది. బిడ్డ క్షేమమని తెలిసి ఆనందంతో కన్నీరు పెట్టుకున్న తల్లి అని కింద రాశారు. బాపు చదివి వినిపిస్తే నాయనమ్మ ఫోటోను అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "నా పెండ్లిల గూడ గిట్ల ఫోటో దింపలే" అని నవ్వింది. పాడైన చీర గురించి బాపు నన్ను ఒక్క మాట అనలేదు. తెగిన పోగులన్నీ తనే కూర్చొని అతికాడు.

జనం పోయిన ఆ సాయంత్రం నాయనమ్మ నన్ను వెంటబెట్టుకొని పెద్దమ్మ దగ్గరికి పోయింది. జావ వేడి చేసి, చెంచాతో నోట్లో పోస్తూ, మామూలుగా మాట్లాడటానికి చూసింది. బిడ్డకు జ్వరం తగ్గిందట వదినె, జావ తాగిందట, ఇప్పుడే కబురొచ్చింది అన్నది. పెద్దమ్మ నాయనమ్మ చెయ్యి వెతుక్కొని పట్టుకుంది.

"నిజమే జెప్తున్నవా? నా మీద ఒట్టు పెట్టు."

నాయనమ్మ ఒట్టు పెట్టింది. పెద్దమ్మ గుండెల నిండా ఊపిరి పీల్చుకొని వదిలింది. తర్వాత మెల్లగా చెప్పింది.

"పొద్దుగాల సగం మగ్గాలు ఆగినయి. మల్ల నడిసినయి. నడిసినయి గని, మొగోళ్ల చేతులు గావు. మీ ఇంట్ల మగ్గం మీద పోరి కూసున్నది, నాడె సగంల ఆగుతున్నది. అవుతల నువ్వు ఏడుస్తున్నవ్. బిడ్డా అని ఒర్రుతున్నవ్. నాకు తెల్వదా వదినె?"

నాయనమ్మ చేతిలో చెంచా ఆగిపోయింది. ఆమెకు తెలియకూడదని వీధి వీధంతా చేసిందంతా, కట్టు కింద చీకట్లో పడుకొని, ఆమె ఒక్కొక్కటీ విన్నది. బిడ్డ పోయిందని పొద్దుటి నుంచీ అనుకుంటూనే ఉంది. పిలవలేదు, అడగలేదు.

నాయనమ్మ అడిగింది, "మరి ఎట్ల ఓర్సుకున్నవే?"

"ఏడిస్తె కండ్లు పోతయన్నరు గద. ఒకవేళ బతికుంటె? వస్తె సూసుకోవద్దా?"

అప్పటిదాకా రోజంతా దొంగ ఏడుపు ఏడ్చిన మా నాయనమ్మ, గిన్నె కింద పెట్టి, చప్పుడు బయటికి రాకుండా నోట్లో కొంగు కుక్కుకొని, నిజంగా ఏడ్చింది. పెద్దమ్మ మాత్రం కదలకుండా పడుకొని, ఆమె వీపు నిమురుతూ ఉండిపోయింది. కట్టు తడవలేదు. తర్వాత కట్టు విప్పారు, చూపు వచ్చింది. చిక్కి సగమైన పాటక్క ఇంటికి వచ్చినప్పుడు పెద్దమ్మ ఆమెను వాకిట్లోనే నిలబెట్టి, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా, చాలాసేపు చూసింది.

ఇప్పుడు నేను కరీంనగర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. మొన్న ఒక సినిమా ఆయన ఆస్పత్రిలో ఉన్నాడని టీవీలో ఒకటే గోల. గేటు ముందు జనం, చేతులెత్తి ఫోన్లు, కారు అద్దంలోంచి ఆయన భార్య ముఖం. సాయంత్రానికి నా ఫోన్లో కూడా ఆయన ఫోటో వచ్చింది, కింద దండం బొమ్మలు. మనవరాలు అది తన స్నేహితులందరికీ పంపబోతుంటే ఆగమన్నాను.

"అందరు పెట్టిండ్రు నాయినమ్మా, నేనొక్కదాన్ని పెట్టకుంటె ఆగుతదా?" అన్నది.

"ఇంటోళ్లకు జెప్పిండ్రా?" అన్నాను. దానికి అర్థం కాలేదు. ఫోను పక్కన పెట్టింది గానీ, ముసలిదాని చాదస్తం అనుకునే ఉంటుంది.

ఆ వార్త నిజమేనని రాత్రి టీవీలో చెప్పారు. నిజమైనా సరే, నేను పంపలేదు, ఇంతవరకూ అలాంటి వార్త ఒక్కటి కూడా నా చేత్తో ఎవరికీ పంపలేదు. ఎవరో పోయారని ఎప్పుడు విన్నా, పోయిన మనిషి ముఖం నాకు వెంటనే గుర్తుకు రాదు. ఎక్కడో ఒక గదిలో, ఒకవేళ బతికుంటే అనుకుంటూ, ఇంకా ఏడవకుండా ఆపుకుంటున్న మనిషి ఒకరు ఉంటారు. ఆ మనిషికి ఆ ఆశ ఒక్క పూటైనా మిగలనివ్వాలనిపిస్తుంది.